వీధి దక్కింది, మరి ఇల్లు? – మారుతున్న ఫ్రెంచి నగరాల బతుకు

1967 డిసెంబరులో అప్పటి ఫ్రాన్స్ ప్రధాని జార్జ్ పోంపిడూ పారిస్‌లో సెన్ నది కుడిగట్టు వెంట వేసిన మోటారు రహదారిని ప్రారంభించారు. నగరమే కార్లకు తగ్గట్టు మారాలన్నది ఆ తరం నమ్మకం. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, పారిస్ నగరపాలక సంస్థ అదే గట్టు మీద మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం కార్లను ఆపేసింది. వ్యతిరేకించినవాళ్లు కోర్టుకెక్కారు. 2018 ఫిబ్రవరిలో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. నగరం వెనక్కి తగ్గలేదు. ఆ గట్లు యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయన్న కారణం చూపి కొత్త ఉత్తర్వు ఇచ్చింది. అది నిలబడింది.

ఈ యాభై ఏళ్లలో ఫ్రెంచి నగరం మనసు ఎంత మారిందో చెప్పడానికి ఈ గట్టు కథ చాలు. అయితే ఆ మార్పును ఎలా చూడాలన్న దాని మీద ఫ్రాన్స్‌లోనే ఏకాభిప్రాయం లేదు. నగరాలు మళ్లీ మనుషులవి అవుతున్నాయని కొందరు సంతోషిస్తున్నారు. 2013లో ‘సామాన్యులు లేని పారిస్’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాసిన భూగోళ శాస్త్రవేత్త ఆన్ క్లెర్వాల్, శ్రామిక కుటుంబాలు పేట తర్వాత పేట ఖాళీ చేసిపోయిన తీరును వివరించారు. మరుసటి ఏడాది మరో భూగోళ శాస్త్రవేత్త క్రిస్తోఫ్ గిల్వీ వేరే వాదం తెచ్చారు. పెద్ద నగరాలు బాగుపడుతుంటే చిన్న ఊళ్లూ శివారు పల్లెలూ వెనకబడ్డాయన్నది ఆయన మాట. దేశం ఒకే భూభాగంగా కాక ద్వీపాల గుంపుగా విడిపోతోందని 2019లో రాజకీయ విశ్లేషకుడు జెరోమ్ ఫూర్కే అన్నారు. ఈ వాదాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఫ్రెంచి నగరాలు వీధిని జనానికి తిరిగి ఇచ్చాయి, అందులో చాలా వరకు గెలిచాయి. ఆ వీధిలో ఎవరు కాపురం ఉండగలరన్న ప్రశ్న దగ్గర ఇంకా తడబడుతున్నాయి.

వీధి మారిన తీరు

ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు. 2001లో పారిస్ మేయరైన బెర్త్రాన్ దెలానొయే మరుసటి వేసవిలో నది పక్క రహదారిని కొన్ని వారాలు మూయించి, ఇసుక పోయించి, ‘పారిస్ ప్లాజ్’ పేరుతో జనాన్ని గట్టు మీదికి రప్పించారు. సెలవులకు సముద్రతీరానికి వెళ్లలేని కుటుంబాలకు అది పెద్ద ఊరట. అద్దె సైకిళ్లను 2005లో లియాన్ పెద్ద ఎత్తున తెచ్చింది. 2007లో పారిస్ అందుకుంది. 2014లో మేయరైన ఆన్ ఇదాల్గో ఈ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. కోవిడ్ ఏడాదిలో నగరం నడిబొడ్డునున్న రివోలి వీధిని సొంత కార్లకు దాదాపుగా మూసేసి, సైకిళ్లకూ బస్సులకూ టాక్సీలకూ వదిలారు. 2021 ఆగస్టు నుంచి చాలా వీధుల్లో గంటకు 30 కిలోమీటర్లే గరిష్ఠ వేగం. పని, బడి, వైద్యం, సరుకులు, వినోదం అన్నీ ఇంటి నుంచి పావుగంట నడకలోనో సైకిల్ ప్రయాణంలోనో అందాలన్న నగర పరిశోధకుడు కార్లోస్ మొరేనో ఆలోచన ఈ పనులన్నిటికీ ‘పావుగంట నగరం’ అని ఒక పేరు పెట్టింది.

ఫలితం కళ్లముందే ఉంది. 2024లో పారిస్ ప్రాంతీయ ప్రణాళికా సంస్థ వెలువరించిన అధ్యయనం ప్రకారం నగరం లోపలి ప్రయాణాల్లో 11.2 శాతం సైకిల్ మీద జరిగితే, కారులో జరిగినవి 4.3 శాతమే. సగానికి పైగా ప్రయాణాలు కాలినడకనే. 2005 నుంచి 2024 మధ్య పారిస్ గాలిలో సన్నని ధూళి కణాలు 55 శాతం, నైట్రోజన్ డయాక్సైడ్ 50 శాతం తగ్గాయని గాలి నాణ్యతను కొలిచే ఎయిర్‌పారిఫ్ తేల్చింది. 1923 నుంచి ఈతకు నిషేధం ఉన్న సెన్ నదిలో, మురుగు మళ్లించడానికి సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చు పెట్టాక, 2025 జూలైలో మూడు చోట్ల జనం ఈతకు దిగారు.

అంకెల కంటే, బడుల ముందు కార్లను ఆపేసిన ‘బడి వీధులు’ ఈ మార్పును బాగా చూపిస్తాయి. పారిస్‌లో ఇలాంటివి రెండు వందలకు పైగా ఉన్నాయి. వీధి మొదట్లో అడ్డంగా ఒక గేటు. కార్లు నిలిపే చోట తారు పెళ్లగించి, మట్టి నింపి, చెట్లు నాటారు. సాయంత్రం బడి వదిలేసరికి తల్లిదండ్రులు, తాతలు, ఆయాలు నడివీధిలోనే నిలబడి మాట్లాడుకుంటారు. సంచిలోంచి తీసిన చాక్లెట్ రొట్టె తింటూ పిల్లలు రోడ్డు మీదే సుద్దముక్కలతో గీతలు గీస్తారు. చేయి పట్టుకుని బిడ్డను లాక్కెళ్లాల్సిన భయం లేదు. నగరం పిల్లలకు భద్రంగా ఉంటే అందరికీ భద్రంగా ఉన్నట్టే.

ఆ చెట్లు అందం కోసమే నాటినవి కావు. 2003 వేసవి వడగాడ్పులకు ఫ్రాన్స్‌లో సుమారు 15 వేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంటరి వృద్ధులు. 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీల ఎండ కాసింది. పారిస్‌కు గుర్తుగా నిలిచిన జింకు రేకుల కప్పులు, 2024లో వాటిని వేసే పనివాళ్ల నైపుణ్యానికి యునెస్కో గుర్తింపు వచ్చిన కప్పులు, ఎండాకాలంలో కింద ఉన్న చిన్న గదులను కాల్చేస్తాయి. ఒకప్పుడు పనిమనుషుల కోసం కట్టిన ఆ అటక గదుల్లో ఇప్పుడు విద్యార్థులు, చిన్న జీతాలవాళ్లు ఉంటున్నారు. ఎండ అందరికీ ఒకటే అయినా వేడి అందరికీ ఒకేలా తగలదు.

ఈ వీధి మార్పులకు జనామోదం ఎంత? నగరం నేరుగా ఓటు అడిగింది. 2023 ఏప్రిల్‌లో అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్లను తీసేయాలని 89 శాతం మంది అన్నారు. 2024లో బరువైన ఎస్‌యూవీలకు పార్కింగ్ రుసుము మూడింతలు చేయడానికి 54.5 శాతం ఒప్పుకున్నారు. 2025 మార్చిలో మరో 500 వీధులను చెట్లు నాటి నడకకు వదలడానికి 66 శాతం సరేనన్నారు. కానీ మొదటిసారి ఓటింగ్ ఏడున్నర శాతం. మూడోసారికి నాలుగు శాతానికి పడిపోయింది. మంచి నిర్ణయాలకు ఇంత సన్నని మద్దతు ఉండటం ప్రమాదం. రేపు గాలి మారితే ఆ గేట్లు తీసేయడానికీ ఇంతే ఓట్లు చాలు.

ట్రామ్ తెచ్చిన ఊళ్లు

పారిస్‌ను మాత్రమే చూస్తే ఫ్రెంచి నగరం సగమే తెలుస్తుంది. అసలు దారి చూపింది చిన్న నగరాలు. 1958లో చివరి ట్రామ్‌ను ఆపేసిన నాంత్, 1985లో మళ్లీ పట్టాలు వేసి ట్రామ్ తెచ్చింది. 1994లో స్ట్రాస్‌బర్గ్, మేయర్ కత్రిన్ త్రోత్‌మన్ హయాంలో, ట్రామ్‌తో పాటు నడిబొడ్డునున్న చౌకులనూ కార్ల నుంచి విడిపించింది. పట్టాలు వేసేటప్పుడే ఫుట్‌పాత్‌లు, చెట్లు, బెంచీలు అన్నీ కలిపి వీధిని కొత్తగా కట్టడం ఈ నగరాల పద్ధతి. 2003లో బోర్డో, పాత కట్టడాల మధ్య వేలాడే తీగలు కనపడకుండా నేలలోంచే కరెంటు అందే ట్రామ్ నడిపింది. డంకర్క్ 2018 నుంచి బస్సు ప్రయాణాన్ని అందరికీ ఉచితం చేసింది. మోంపెలియే 2023 డిసెంబరు నుంచి తన నివాసులకు ట్రామ్, బస్సు ఉచితంగా ఇస్తోంది.

సంస్కృతి కూడా ఈ ఊళ్లకు ఊతమైంది. 1987లో ఆఖరి నౌకల కర్మాగారం మూతపడ్డ నాంత్‌లో, అదే షెడ్ల దగ్గర 2007లో పన్నెండు మీటర్ల ఎత్తు యాంత్రిక ఏనుగు జనాన్ని వీపు మీద ఎక్కించుకుని నడవడం మొదలైంది. నౌకలు కట్టిన చోటు ఊరి విహారస్థలమైంది. మార్సే 2013లో యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఉన్న ఏడాదే ఓడరేవు మొనలో మధ్యధరా నాగరికతల మ్యూజియం తెరిచింది.

ఇక్కడే సమస్య కూడా మొదలైంది. ఊరు బాగుపడితే ధర పెరుగుతుంది. 2007లో యునెస్కో జాబితాకెక్కిన బోర్డోకు 2017లో వేగరైలు వచ్చి పారిస్ రెండు గంటల దూరమైంది. ఆ ఏడాదే ‘పారిస్ వాళ్లారా, ఇంటికి పొండి’ అన్న స్టిక్కర్లు బోర్డో గోడల మీద వెలిశాయి. మార్సేలో మరింత ఘోరం జరిగింది. మ్యూజియం మెరిసిపోతుండగానే, దానికి నడక దూరంలోని నొఆయ్ పేటలో 2018 నవంబరు 5న ఒబాఞ్ వీధిలోని శిథిల భవనాలు కూలి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఇళ్ల దుస్థితి ముందే తెలిసినదే. తర్వాత వేలమందిని ప్రమాదకరమైన ఇళ్ల నుంచి ఖాళీ చేయించారు. 2020లో మార్సే పాలన చేతులు మారడంలో ఆ కోపం పాలు చాలా ఉంది. కొత్త మ్యూజియాన్ని చూసి ఊరు మారిందని మురిసిపోయేముందు పక్క సందులోని పైకప్పును చూడాలని మార్సే నేర్పింది.

ఇంటి అద్దె, ఇంటి ధర

పారిస్ జనాభా 1921లో సుమారు 29 లక్షలు. ఇప్పుడు 21 లక్షల చిల్లర. గత పదేళ్లలోనే లక్షమందికి పైగా తగ్గారు. ముఖ్యంగా పిల్లలున్న కుటుంబాలు వెళ్లిపోతున్నాయి. పిల్లలు లేక తరగతులూ కొన్ని బడులూ మూతపడుతున్నాయి. బడి వీధులను అంత ముచ్చటగా తీర్చిదిద్దిన నగరంలో బడులే ఖాళీ కావడం బాధ కలిగిస్తుంది. కారణం తెలిసిందే. ఇంటి ధర చదరపు మీటరుకు 9 వేల యూరోల పైమాట. చేతికందే కనీస వేతనం నెలకు 1,400 యూరోల చిల్లర. అంటే ఆరు నెలలు పైసా ఖర్చు పెట్టకపోయినా ఆ జీతంతో ఒక చదరపు మీటరు రాదు.

ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పెద్ద మున్సిపాలిటీల్లో ఐదో వంతు ఇళ్లు తక్కువ అద్దెకిచ్చే సామాజిక గృహాలై ఉండాలని 2000 నాటి చట్టం చెప్పింది. 2013లో దాన్ని 25 శాతానికి పెంచారు. తప్పిన ఊళ్లు జరిమానా కట్టాలి. శతాబ్దం మొదట్లో పారిస్‌లో అలాంటి ఇళ్లు 13 శాతం మేర ఉండేవి, ఇప్పుడు పాతిక శాతం దగ్గరికి వచ్చాయి. పాత సైనిక బారకాసుల్నీ ప్రభుత్వ కార్యాలయాల్నీ ఇళ్లుగా మార్చారు. 2019 నుంచి పారిస్‌లో అద్దెలకు పరిమితి ఉంది. లీల్, లియాన్, మోంపెలియే, బోర్డో తర్వాత ఆ బాట పట్టాయి. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వాటి ద్వారా సొంత ఇంటిని ఏడాదికి 120 రోజులు పర్యాటకులకు ఇచ్చుకునే వీలుండేది. 2024 నవంబరు చట్టంతో దాన్ని 90 రోజులకు తగ్గించుకునే హక్కు నగరాలకు దక్కింది. పారిస్ వెంటనే వాడుకుంది.

ఇవన్నీ లేకపోతే పరిస్థితి ఇంకా దారుణంగా ఉండేది. అయినా ఇవి సరిపోలేదు. సామాజిక గృహాలకు అర్హులు కానివాళ్లు, సొంతంగా కొనలేనివాళ్లు, అంటే నర్సులు, టీచర్లు, చిన్న ఉద్యోగులు మధ్యలో నలిగిపోయి ఊరు దాటుతున్నారు. క్లెర్వాల్ చెప్పిన మాట పదేళ్ల తర్వాత మధ్యతరగతికీ వర్తిస్తోంది.

వలయానికి అవతల

1973లో పూర్తయిన 35 కిలోమీటర్ల పెరిఫెరిక్ రింగురోడ్డు పారిస్‌నూ శివార్లనూ విడదీసే గోడ లాంటిది. దాని మీద వేగాన్ని 2024 అక్టోబరులో గంటకు 50 కిలోమీటర్లకు తగ్గించారు. రోడ్డు పక్కన కాపురముండేవారికి అది మేలే. కానీ లోపలివాడికి సైకిల్ బాట వేసిన నగరం, అవతలివాడు పనికి ఎలా వస్తాడో కూడా ఆలోచించాలి. పారిస్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంలోని క్లిషీ-సు-బువానే చూడండి. 2005 అక్టోబరులో పోలీసుల నుంచి తప్పించుకోబోయి ఇద్దరు కుర్రాళ్లు విద్యుదాఘాతంతో చనిపోతే అక్కడ మొదలైన అల్లర్లు మూడు వారాలు దేశమంతా పాకాయి. అలాంటి ఊరికి పట్టాల మీద నడిచే మొదటి వాహనం, ఒక ట్రామ్, చేరింది 2019 డిసెంబరులో. పద్నాలుగేళ్లు పట్టింది.

2018 నవంబరు 17న పసుపు చొక్కాలు తొడుక్కుని కూడళ్లకు వచ్చినవాళ్లను కదిలించింది ఇంధన పన్ను. వారిలో చాలామంది కారు తప్ప దిక్కులేని ఊళ్లవాళ్లు. గిల్వీ వాదానికి బలం చేకూరింది అప్పుడే. కానీ అది కూడా సగం నిజమే. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో అతి పేద జిల్లా సెన్-సాన్-దెనీ పారిస్‌ను ఆనుకునే ఉంది. పేదరికం దూరపు పల్లెల్లోనే కాదు, మెట్రో చివరి స్టేషన్ పక్కనా ఉంది. పాత డీజిల్ కార్లను నగరాల్లోకి రానివ్వని నిబంధనను రద్దు చేయాలని 2025లో జాతీయ అసెంబ్లీ ఓటేయడానికి ఒక కారణం ఈ పేదరికమే. పాత కారున్నవాడు తరచుగా పేదవాడే. గాలి బాగుపడాలనడం న్యాయమే, దాని ఖర్చు పేదవాడి మీద పడటం అన్యాయం.

దీనికి ఉన్న సరైన జవాబు రవాణాయే. 2015లో పారిస్ ప్రాంతమంతటికీ ఒకే ధరకు నెలసరి పాసు ఇచ్చారు. దూరంగా ఉన్నవాడే ఎక్కువ కట్టే పద్ధతి పోయింది. 200 కిలోమీటర్లు, నాలుగు కొత్త లైన్లు, 68 స్టేషన్లతో కడుతున్న ‘గ్రాండ్ పారిస్ ఎక్స్‌ప్రెస్’ శివారు నుంచి శివారుకు పారిస్ తగలకుండానే తీసుకెళ్తుంది. క్లిషీకీ అందులో స్టేషన్ ఉంది. ఆ రైళ్లు వచ్చాక అక్కడి అద్దెలు పెరిగి, ఎవరి కోసం కట్టారో వాళ్లే వెళ్లిపోకుండా చూసుకోవడం అసలు పరీక్ష.

రొట్టె, కాఫీ, బడి భోజనం

ఫ్రెంచి వీధికి బేకరీయే ప్రాణం. జనం వరసలో నిలబడి ‘బాగా కాలింది’ అనో ‘మరీ కాలనిది’ అనో బాగెట్ అడుగుతారు. సన్నని కాగితం చుట్టిన వేడి రొట్టె కొసను విరిచి నోట్లో వేసుకుంటూ ఇంటికి నడుస్తారు. 1970లో 55 వేల దాకా ఉన్న ఇలాంటి బేకరీలు ఇప్పుడు 35 వేలు. సూపర్‌మార్కెట్ రొట్టె చవక కావడం అందుకు ఒక కారణం. అయినా ఇన్ని మిగలడం వెనక చట్టం ఉంది. ‘సంప్రదాయ’ బాగెట్ అని అమ్మాలంటే పిండిని గడ్డకట్టించకూడదు, రసాయనాలు కలపకూడదు అని 1993 ఉత్తర్వు శాసించింది. 2022లో బాగెట్ తయారీ యునెస్కో జాబితాకెక్కింది.

కాఫీ హోటళ్ల స్థితి అంత బాగాలేదు. 1960లో రెండు లక్షల దాకా ఉన్నవి ఇప్పుడు దాదాపు నలభై వేలే. పల్లెల్లో చివరి కాఫీ హోటల్ మూతపడితే ఊరివాళ్లు ఒకచోట చేరే అవకాశమే పోతుంది. నగరాల్లో వాటి పక్కన కబాబ్ కొట్లు, వియత్నాం నూడుల్స్ కొట్లు, శ్రీలంక తమిళుల దోసె హోటళ్లు వెలిశాయి. బడి భోజనమూ మారింది. 2019 నుంచి వారానికొక రోజు శాకాహారం తప్పనిసరి. 2021లో లియాన్ మేయర్ కోవిడ్ వేళ మాంసం లేని ఒకే రకం భోజనం పెడితే దేశమంతా రగడైంది. అంత గొడవ జరగడమే చెబుతోంది, ఫ్రాన్స్‌లో పళ్లెంలోని తిండి కూడా రాజకీయమేనని.

పుస్తకం, తెర, పాట

రొట్టెను కాపాడినట్టే పుస్తకాన్నీ చట్టం కాపాడింది. 1981 చట్టం ప్రకారం ఏ కొట్టూ పుస్తకం మీద 5 శాతానికి మించి తగ్గించకూడదు. అందుకే వేల సంఖ్యలో స్వతంత్ర పుస్తకాల కొట్లు బతికున్నాయి. ఆన్‌లైన్ సంస్థలు ఉచితంగా ఇంటికి పంపి ఆ చట్టాన్ని పక్కదారి పట్టిస్తుంటే, 35 యూరోల లోపు పుస్తకాలకు కనీసం 3 యూరోల రవాణా రుసుము తీసుకోవాలని 2023లో నియమం పెట్టారు. ప్రతి సినిమా టికెట్ మీదా 10.72 శాతం పన్ను వసూలై ఫ్రెంచి సినిమా నిధికి చేరుతుంది. హాలీవుడ్ సినిమా ఆడినా ఆ డబ్బు ఫ్రెంచి సినిమాకే. 2021 నుంచి నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలూ ఫ్రాన్స్ ఆదాయంలో కనీసం ఐదో వంతు ఫ్రెంచి, యూరప్ చిత్రాల నిర్మాణం మీద పెట్టాలి. 2024లో 18 కోట్లకు పైగా టికెట్లు తెగాయి.

అయితే ఆ సంస్కృతి ఎవరిదన్న వాదన శివారు నుంచి వచ్చింది. మోంఫెర్మెయ్‌లో పెరిగిన దర్శకుడు లాజ్ లి తన ఊరి మీదే తీసిన ‘లే మిజెరాబ్ల్’ 2019లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి గెలిచింది. చదువు, డబ్బు అడ్డం రాకుండా కుర్రకారుకు సినిమా నేర్పే బడిని ఆయన 2018లో అదే ఊళ్లో తెరిచారు. బమాకోలో పుట్టి శివారు ఒల్నే-సు-బువాలో పెరిగిన అయా నకమురా, మాటల్లో అక్షరాల వరస తిరగేసే కుర్రకారు వాడుకనూ పశ్చిమాఫ్రికా మాటలనూ కలిపి పాడుతుంది. 2024 జూలై 26న ఒలింపిక్స్ ఆరంభంలో, ఫ్రెంచి భాషకు కాపలాదారైన ఫ్రెంచి అకాడమీ ఉన్న భవనం ముందే, రిపబ్లికన్ గార్డు బ్యాండుతో కలిసి పాడింది. ఆమె పాడటానికి వీల్లేదని అంతకుముందు నెలల తరబడి తీవ్ర మితవాద పక్షాలవాళ్లు గొడవ చేశారు. ఆ సాయంత్రం వానలో ఆ పాట వాళ్లకు జవాబు చెప్పింది.

మతం దగ్గర చట్టం ఇంత ఉదారంగా లేదు. 1905 నుంచి రాజ్యం మతానికి దూరంగా ఉంటుందన్నది అక్కడి మూలసూత్రం. ఆ సూత్రం పేరుతోనే 2004లో ప్రభుత్వ బడుల్లో తలగుడ్డను, 2023లో అబాయాను నిషేధించారు. వీధి మాత్రం వేరే కథ చెబుతుంది. ఏటా వినాయక చవితి వేళ పారిస్ లా షపెల్ పేటలో శ్రీలంక తమిళులు రథం లాగుతారు. రోడ్డు మీద పసుపు పూసిన కొబ్బరికాయలు కుప్పలు పోసి, కర్పూరం వెలిగించి, ఒక్కొక్కటిగా కొడతారు. తారు రోడ్డంతా కొబ్బరినీళ్లతో తడుస్తుంది. బారుల ముందు నిలబడ్డ పారిస్ వాళ్లు ప్రసాదం అందుకుంటారు. 1990ల నుంచి సాగుతున్న ఈ ఊరేగింపుకు దారి ఇవ్వడం ఆ నగరానికి కష్టం కాలేదు. చవితి మండపాల మధ్య పెరిగిన తెలుగువాడికి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. రథానికి దారిచ్చే వీధి తలగుడ్డ కట్టిన పిల్లకూ అంతే మర్యాద ఇవ్వాలని మాత్రం అనిపిస్తుంది.

లెక్క తేలాల్సింది

1968లో ఫ్రెంచి తత్వవేత్త ఆంరీ లెఫెవ్ర్ ‘నగరం మీద హక్కు’ గురించి రాశారు. నగరాన్ని కట్టేవారూ నడిపేవారూ అందులో ఉండటానికీ, దాన్ని మలచడానికీ హక్కుదారులని ఆయన వాదం. ఆ కొలతతో చూస్తే గాలి, నది, నడక, పుస్తకం, రొట్టె విషయంలో ఫ్రాన్స్ చేసింది గొప్ప పని. మార్కెట్‌కు వదిలేస్తే ఇవేవీ మిగిలేవి కావు. ఎన్నికైన మేయర్లు, పార్లమెంటు, చట్టం కలిసి కూర్చుని ఇది మా బతుకు, దీన్ని కాపాడుకుంటాం అని తేల్చుకుంటే సాధ్యమవుతుందని ఈ అనుభవం నిరూపించింది. రొట్టె పిసకడానికి నియమం పెట్టగలిగిన దేశం, ఆ రొట్టె కాల్చేవాడికి బేకరీకి నడిచి వెళ్లే దూరంలో ఇల్లు ఉండేలా కూడా నియమం పెట్టగలదు.

ఇకముందు కొత్త సైకిల్ బాట వేసిన ప్రతి చోటా దాని పొడవుతో పాటు మరో అంకె కూడా ప్రకటించాలి. ఐదేళ్ల తర్వాత ఆ వీధిలో అంతకుముందున్న అద్దెదారులు ఎంతమంది మిగిలారు, ఆ బడిలో పిల్లలు ఎంతమంది ఉన్నారు? ఆ అంకె పడిపోతే ఆ వీధి ఎంత అందంగా ఉన్నా ఆ పథకం ఓడిపోయినట్టే లెక్క.